బళ్లారి రంగస్థలం: సృజనకు ధైర్యం కలిగిన తీరు

కవిత రాయాలనీ, పాట కట్టాలనీ, బొమ్మ గీయాలనీ, రంగస్థలం మీద ఒక పాత్రకు ప్రాణం పోయాలనీ బాల్యంలోనో యౌవనంలోనో కోరిక కలగని మనిషి అరుదు. ఆ కోరికను కార్యరూపంలోకి తెచ్చినవారు మాత్రం కొందరే. తక్కినవారికి ప్రజ్ఞ లేదని చెప్పడం న్యాయం కాదు. చాలా సందర్భాలలో అడ్డు తగిలేది శక్తిలేమి కాదు, బెరుకు. 'ఇది మనవంటివారు చేయదగిన పనేనా? చేస్తే నలుగురూ ఏమనుకుంటారు?' అన్న రెండు ప్రశ్నలు ఎన్ని కలాలను మూయించాయో, ఎన్ని గొంతులను నొక్కివేశాయో లెక్కించడం కష్టం.

ఈ బెరుకును మనుషులు ఎట్లా జయిస్తారు? దీనికి ఉపదేశాలలో కంటె చరిత్రలో మంచి సమాధానం లభిస్తుంది. తెలుగునాటక చరిత్రలో బళ్లారి పట్టణం వహించిన పాత్ర అటువంటి సమాధానాలలో ఒకటి. నేడు కర్ణాటక రాష్ట్రంలో ఉన్న ఆ పట్టణం కథ, ఇతర రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ప్రత్యేకించి ఆత్మీయమైనది. అందుచేత ఈ ప్లాటినం జూబిలీ సంచికలో దానిని స్మరించుకోవడం సముచితమని భావిస్తున్నాను.

దత్తమండల కేంద్రం

1800లో నిజాం ప్రభువు ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతాలకు దత్తమండలాలని పేరు. వాటిలో బళ్లారి ఒక ముఖ్య కేంద్రమయింది. 1882లో అనంతపురం వేరు జిల్లాగా ఏర్పడేవరకు ఆ ప్రాంతమంతా బళ్లారి జిల్లాలోనిదే. దండు విడిది, కలెక్టరు కచ్చేరీ, జిల్లా కోర్టు, రైలుబండి, ఉన్నత పాఠశాల ఇవన్నీ కూడి ఆ పట్టణంలో ఒక విద్యావంతుల వర్గాన్ని తయారు చేశాయి. వీరిలో న్యాయవాదులు ప్రముఖులు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడం, కోర్టులో ఇంగ్లీషు, దండు బజారులో హిందుస్తానీ, పూజలో సంస్కృతం. ఇట్లా అయిదు భాషల నడుమ బతకడం వారికి నిత్యకృత్యం. ఒక భాషలో చూచిన సొగసును మరొక భాషలోకి తెచ్చుకోవాలనే ఆసక్తి అటువంటి చోట సహజంగానే కలుగుతుంది.

అయితే నాటకమాడడం ఆనాడు గౌరవప్రదమైన వృత్తి కాదు. వీధినాటకాలూ, యక్షగానాలూ, తోలుబొమ్మలాటలూ ప్రజలకు ప్రాణప్రదమైనవే. కాని వాటిని ఆడేవారిని సంఘం సమానులుగా చూడలేదు. 'నాటకాలవాడు' అన్నమాటలో కొంత చులకన ఉండేది. చదువుకొని, నల్లకోటు తొడిగి, న్యాయాధిపతి ముందు వాదించే పెద్దమనిషి ముఖానికి రంగు పూసుకోవడమంటే క్లయింట్లు నవ్వుతారు, బంధువులు తలవంచుకుంటారు. ఈ పరిస్థితిలో మొదటి అడుగు ఎవరు వేయాలి?

పొరుగువారు తెచ్చిన చైతన్యం

మొదటి ప్రేరణ పొరుగు భాషలవారి నుంచి లభించింది. మరాఠీలో విష్ణుదాస్ భావే 1843లో సాంగ్లీలో నాటక ప్రదర్శనకు నాంది పలికిన తరువాత, ఆ ప్రాంతపు నాటక సమాజాలు ఊరూరా తిరగడం ప్రారంభించాయి. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రికి వచ్చి ప్రదర్శనలిచ్చింది. ఆ సమాజం వెళ్లిన తరువాత, వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకాలు ఆడించారు. ఆధునిక తెలుగు రంగస్థలంపై తొలినాళ్లలో అడుగుపెట్టిన నటులు పాఠశాల విద్యార్థులు కావడం ఈ సందర్భంలో గుర్తుంచుకోదగిన విషయం.

తెలుగులో నాటక రచన అంతకుముందే లేకపోలేదు. కోరాడ రామచంద్రశాస్త్రిగారి 'మంజరీ మధుకరీయం' 1860 ప్రాంతాలకు చెందిన స్వతంత్ర నాటకం. కాని రచన ఒకటి, రంగస్థలం ఒకటి. పుస్తకంలోని నాటకానికి కవి ఒక్కడు చాలు. ప్రదర్శనకు పదిమంది సాహసులు ఒకచోట చేరాలి. ఆ చేరిక బళ్లారిలో సిద్ధించింది.

ధర్మవరం వారి సాహసం

ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు 1853లో జన్మించారు. బళ్లారిలో న్యాయవాద వృత్తి చేస్తూ 1880ల ద్వితీయార్ధంలో నాటక రచనకు పూనుకున్నారు. 'చిత్రనళీయం' ఆయనకు తొలికీర్తి తెచ్చిన నాటకం. నాటకం రాసి ఊరుకోకుండా 'సరస వినోదిని సభ' అనే సమాజాన్ని నెలకొల్పి, దానిని తానే నడిపారు. వేషం తానే ధరించారు. పద్యాలతోపాటు పాటలు చేర్చారు. సంస్కృత నాటక సంప్రదాయాన్నీ ఇంగ్లీషు నాటకాలలోని రంగ విభజననూ కలిపి ప్రదర్శనకు అనువైన ఒక పద్ధతిని ఏర్పరచారు. 1912లో కీర్తిశేషులయ్యేనాటికి సుమారు ముప్పది నాటకాలు రచించారు. తెలుగువారు ఆయనను 'ఆంధ్ర నాటక పితామహుడు' అని గౌరవించుకొన్నారు.

ఆయన చేసిన పనులన్నింటిలో సాహసమనదగినది 'విషాద సారంగధర' రచన. రాజరాజనరేంద్రుని కుమారుడు సారంగధరుని కథ తెలుగువారికి చిరపరిచితం. సవతితల్లి చిత్రాంగి నింద మోపగా, రాజు నిజం విచారించక కుమారుని కాలుసేతులు నరికించమని ఆజ్ఞాపిస్తాడు. తంజావూరు రఘునాథ నాయకుని ఆస్థానంలో చేమకూర వెంకటకవి ఈ కథను కావ్యంగా రచించాడు. పూర్వకథలో సిద్ధుని అనుగ్రహంవల్ల రాకుమారునికి అవయవాలు తిరిగి వస్తాయి, కథ మంగళాంతమవుతుంది. నాటకం దుఃఖంతో ముగియరాదన్నది మన ఆలంకారికుల నియమం. ధర్మవరంవారు ఆ నియమాన్ని ఎరిగినవారే. అయినా షేక్స్‌పియరు విషాదాంత నాటకాలు తనపై వేసిన ముద్రను విస్మరించలేక, సారంగధరుని కథను విషాదాంతం చేశారు. తొందరపాటు తీర్పుకు దిద్దుబాటు ఉండదన్న సత్యాన్ని ప్రేక్షకుడు కన్నీటితో ఇంటికి తీసుకొనిపోవాలని ఆయన ఉద్దేశించి ఉంటారు. నిత్యం కోర్టులో తీర్పులు వింటూ ఉండే న్యాయవాదికి ఈ కథ ఎందుకు పట్టుకొన్నదో ఊహించడం కష్టం కాదు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా అది ప్రసిద్ధికెక్కింది.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటున్నది. ఆయన సంప్రదాయాన్ని తెలియక మీరలేదు; తెలిసి, అవసరమైనచోట మాత్రమే మీరారు. కథ పాతది, పద్యం పాతది, ముగింపు మాత్రం కొత్తది. సృజనలో నిలిచే సాహసం తరచుగా ఇట్లాగే ఉంటుంది.

పోటీ కూడా ప్రేరణే

ఒకే పట్టణంలో, ఒకే వృత్తిలో, ఇంచుమించు ఒకే వయసులో మరొక నాటకకర్త ఉండడం బళ్లారి అదృష్టం. కోలాచలం శ్రీనివాసరావుగారు 1854లో జన్మించారు. ఆయనా న్యాయవాదే. ఆయన నాటకాలకు 'సుమనోరమ సభ' వేదిక అయింది. ధర్మవరంవారు పురాణేతిహాసాల వైపు ఎక్కువగా మొగ్గగా, కోలాచలంవారు చరిత్రను రంగస్థలానికి తెచ్చారు. బళ్లారికి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో హంపీ శిథిలాలు ఉన్నాయి. ఆ జిల్లాకు కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ స్యూవెల్ విజయనగర సామ్రాజ్య చరిత్రను 1900లో గ్రంథరూపంలో ప్రకటించాడు. కన్నులెదుట ఉన్న రాళ్లు చెప్పే కథను తెలుగు ప్రేక్షకుడికి వినిపించాలనే సంకల్పంతో కోలాచలంవారు 'రామరాజు చరిత్రము' రచించారు. 1565లో జరిగిన తల్లికోట యుద్ధమూ, విజయనగర పతనమూ దాని ఇతివృత్తం. 1908లో ప్రపంచ నాటక చరిత్రను గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథాన్ని కూడా ఆయన ప్రకటించారు. జిల్లా పట్టణంలో వకాలతు చేసుకొనే వ్యక్తి లోకంలోని నాటకాలన్నింటినీ పరిశీలించి గ్రంథం రాయడానికి పూనుకొన్నాడంటే, ఆ కాలపు బళ్లారి గాలిలో ఎంత ఆత్మవిశ్వాసం ఉండేదో తెలుస్తుంది.

రెండు సభల మధ్య స్పర్ధ ఉండేది. అది సృజనకు కీడు చేయలేదు. ఒకరు రెండు నాటకాలు రాస్తే మరొకరు మూడు రాయాలనుకున్నారు. ఊరివారు రెండు సభల నాటకాలనూ చూచి, తారతమ్యాలను చర్చించారు. ఒంటరిగా కూర్చున్న రచయితకు లభించని లాభం ఇది. ధైర్యమన్నది ఏకాంతంలో కంటె సాటివారి సమక్షంలో త్వరగా పెరుగుతుంది.

మద్రాసులో మరో భాషకు వెలుగు

బళ్లారి కథలో అత్యంత మనోహరమైన ఘట్టం మద్రాసులో జరిగింది. 1891లో సరస వినోదిని సభవారు మద్రాసుకు వెళ్లి విక్టోరియా పబ్లిక్ హాలులో తెలుగు నాటకాలు ప్రదర్శించారు. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారు అనే తమిళ యువకుడు ఉన్నాడు. వయస్సు 18 ఏళ్లు. అప్పటివరకు అతనికి తమిళ నాటకాలపై సదభిప్రాయం లేదు. వాటిని చదువుకొన్నవారు చూడదగినవి కావని అనుకొనేవాడు. బళ్లారి నుంచి వచ్చినవారిని చూచి ఆశ్చర్యపోయాడు. వారు న్యాయవాదులు, ఉద్యోగులు, గౌరవనీయ గృహస్థులు. అటువంటివారు నిస్సంకోచంగా వేషాలు వేసి, తమ భాషలో, తమ కథలను ప్రదర్శిస్తున్నారు. తెలుగులో వీరు చేయగలిగినది తమిళంలో మనమెందుకు చేయరాదన్న ఆలోచన అతని మనసులో మెదిలింది.

ఆ సంవత్సరమే, 1891 జూలైలో, మిత్రులతో కలిసి 'సుగుణ విలాస సభ'ను స్థాపించాడు. తానే నాటకాలు రచించి, నటించి, నడిపాడు. సంబంధ మొదలియారు కూడా తరువాతి కాలంలో న్యాయవాది అయి, న్యాయమూర్తి పదవిని నిర్వహించారు. తమిళంలో తొంభైకి పైగా నాటకాలు రచించి, ఆధునిక తమిళ నాటకానికి పితామహుడనిపించుకొన్నారు. సారంగధరుని కథను ఆయన కూడా తమిళంలో నాటకం చేశారు. ఆయన 'మనోహర' నాటకం 1954లో చలనచిత్రమై తమిళులనూ తెలుగువారినీ అలరించింది. దేశభక్తుడు సత్యమూర్తి వంటివారు సుగుణ విలాస సభ వేదికపై నటించారు. 1959లో సంబంధ మొదలియారును ప్రభుత్వం పద్మభూషణ పురస్కారంతో గౌరవించింది. తన నాటకానుభవాలను తమిళంలో గ్రంథస్థం చేస్తూ, బళ్లారివారి ప్రదర్శన తనకిచ్చిన ప్రేరణను ఆయన మరువక చెప్పుకొన్నారు.

ఇందులోని విశేషం గమనించండి. ఆ యువకుడికి కొత్తగా లభించినది విద్య కాదు, ధనం కాదు, రాజపోషణ కాదు. తనవంటివాడు చేయగా చూడడం ఒక్కటే లభించింది. అది చాలింది. మరాఠీ, కన్నడ ప్రాంతాల నుంచి వచ్చిన చైతన్యం తెలుగువారిని కదిలించింది. తెలుగువారు తమిళుణ్ణి కదిలించారు. దీపం నుంచి దీపం వెలిగించుకొనేటప్పుడు ప్రమిద ఏ ఊరిదని ఎవరూ అడగలేదు.

మేనల్లుని తరం

ధర్మవరంవారి మేనల్లుడు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన జన్మించిన ఈ మహానటుడు 'బళ్లారి రాఘవ'గా లోకప్రసిద్ధుడు. తండ్రి బళ్లారి పురపాలక ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. బడిలో చదివే రోజుల్లోనే రాఘవకు నటన పట్ల మక్కువ కలిగింది. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రుడై, 1905లో న్యాయశాస్త్ర పట్టం పొంది, బళ్లారిలో న్యాయవాదిగా ప్రసిద్ధికెక్కారు. మేనమామ ఒక సభకు అధినేత అయినా, రాఘవకు అఖండ కీర్తి తెచ్చిన పఠాన్ రుస్తుం పాత్ర కోలాచలంవారి 'రామరాజు చరిత్రము' లోనిది. కళకు బంధుత్వంతో పనిలేదని ఆయన ఆ విధంగా నిరూపించారు.

మేనమామ తరానికి కావలసిన ధైర్యం వేరు, రాఘవ తరానికి కావలసిన ధైర్యం వేరు. రంగస్థలం ఎక్కడానికి మొదటి తరం వెరచింది. రెండవ తరం నాటికి రంగస్థలం గౌరవం సంపాదించింది. దానితోపాటు దురలవాట్లనూ సంపాదించింది. పాత్ర మరణశయ్యపై ఉన్నా సుదీర్ఘ రాగాలాపన, చప్పట్లు వినిపిస్తే అదే పద్యం మళ్లీ ఎత్తుకోవడం, కథను మరచి కంఠాన్ని మాత్రమే మెచ్చుకోవడం పరిపాటి అయింది. ప్రేక్షకులు కోరుకొంటున్నది అదే. రాఘవ దానికి ఎదురు నిలిచారు. సంభాషణకూ, ముఖకవళికకూ, మౌనానికీ ప్రాధాన్యమిచ్చారు. పాత్ర మనస్తత్వాన్ని నటుడు అర్థం చేసుకోవాలని పట్టుబట్టారు. నచ్చిన దానిని ఇస్తూ పోతే జేజేలు పలికే ప్రేక్షకుల ముందు, వారికి అలవాటు లేనిదానిని ఉంచడం ఖ్యాతి పొందిన కళాకారుడికే ఎక్కువ కష్టం. పోగొట్టుకొనేది అతనికే ఎక్కువ కదా!

ఆయన తెలుగు, కన్నడ, హిందీ, ఇంగ్లీషు భాషలలో నటించారు. 1927లో మహాత్మాగాంధీ ఆయన నటించిన 'దీనబంధు కబీరు' హిందీ నాటకాన్ని తిలకించారు. 1928లో రాఘవ ఇంగ్లండు వెళ్లి, అక్కడి రంగస్థలాన్ని పరిశీలించి, బెర్నార్డ్ షాను కలుసుకొన్నారు. నటన ద్వారా ధనార్జన చేయక, ప్రదర్శనల రాబడిని సత్కార్యాలకు వినియోగించారు. పగలు కోర్టు, రాత్రి రిహార్సలు అన్న క్రమం జీవితాంతం సాగింది. జీవనోపాధిని వదలినవారికే కళ దక్కుతుందన్న భావన ఒకటి లోకంలో ఉన్నది. బళ్లారి పెద్దలు ముగ్గురూ దానికి సజీవమైన ఖండన.

అసలు సాహసం ఎవరిది?

రాఘవ చేపట్టిన సంస్కరణలలో కఠినమైనది స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలన్నది. సురభి నాటక కుటుంబాలలో ఇది ముందునుంచీ ఉన్న ఆచారమే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ' ప్రదర్శనతో మొదలైన ఆ వృత్తి సమాజాలలో ఇల్లాలూ, కూతురూ, కోడలూ అందరూ నటులే. విద్యావంతుల సమాజాలు మాత్రం పురుషులచేతనే స్త్రీ వేషాలు వేయించాయి. స్థానం నరసింహారావుగారి వంటి మహానటులు ఆ కళను పరాకాష్ఠకు చేర్చి, 1956లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆ ప్రతిభ పట్ల ఎవరికీ సందేహం లేదు. కాని స్త్రీ మనోవేదనను స్త్రీయే పలకాలన్నది రాఘవ నమ్మకం.

పి.వి. రాజమన్నారుగారు 1929లో రచించిన 'తప్పెవరిది?' అటువంటి నటనకు అనువైన సాంఘిక నాటకం. పురాణ పురుషులు లేరు, కిరీటాలు లేవు. మన ఇళ్లలో మాట్లాడుకొనే భాషలో, మన ఇళ్లలోని బాధ ఉన్నది. రాఘవ దానిని ప్రదర్శించి ప్రచారంలోకి తెచ్చారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి విద్యావంతురాలు ఆయన సరసన నటించారు. రాజమన్నారుగారు తరువాత మద్రాసు ఉన్నత న్యాయస్థానపు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1953లో ప్రారంభమైన కేంద్ర సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు.

ఇక్కడ ఒక సత్యాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ధర్మవరంవారికీ, కోలాచలంవారికీ, రాఘవకూ చదువు ఉన్నది, వృత్తి ఉన్నది, సంఘంలో స్థానం ఉన్నది. లోకం నవ్వినా ఆ నవ్వు సాయంత్రానికి సద్దుమణిగేది. గౌరవ కుటుంబం నుంచి వచ్చి రంగస్థలమెక్కిన స్త్రీకి ఆ రక్షణ లేదు. ఆమెపై పడిన మాట ఆమెతోనే ఉండిపోయేది. పిల్లల పెళ్లిళ్ల వరకు వెంటాడేది. కాబట్టి ఆ నటీమణుల సాహసం వారిని ఆహ్వానించిన పురుషుల సాహసం కంటె ఒక మెట్టు పైన ఉన్నది. అయితే వారు అడుగు వేయడానికి, ముందుగా ఒకరు 'రండి, నేను పక్కన ఉంటాను' అనడం అవసరమయింది. రాఘవ గొప్పతనం ఆయన నటనలో ఎంత ఉన్నదో, ఈ మాట అనగలగడంలో అంత ఉన్నది.

ఎల్లలు మారినా

1946 ఏప్రిల్ 16న రాఘవ దివంగతులయ్యారు. ఏడేళ్ల తరువాత, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్లారి పట్టణం మైసూరు రాష్ట్రంలో కలిసింది. తెలుగు నాటకానికి పుట్టినిళ్లలో ఒకటి పటంలో తెలుగు రాష్ట్రపు ఎల్లకు ఆవల ఉండిపోయింది. అయినా బళ్లారివారు తమ నటుణ్ణి మరువలేదు. అక్కడి రాఘవ కళామందిరంలో ఆయన పేరు నేటికీ నిలిచి ఉన్నది. కన్నడ సోదరులూ తెలుగువారూ ఆయనను తమవాడని సమానంగా చెప్పుకొంటారు. ఇంతకు మించిన స్మారకం ఏముంటుంది?

రాష్ట్రానికి వెలుపల తెలుగు చదివే మన పిల్లల మనసులో ఒక్కొక్కసారి తాము ప్రధాన రహదారికి దూరంగా ఉన్నామన్న భావం కలుగుతుంది. బళ్లారి చరిత్ర అందుకు తగిన జవాబు. తెలుగు నాటకానికి విషాదాంతాన్నీ, చరిత్రనూ, నవీన నటననూ ఇచ్చినది రాజధాని కాదు. భాషల సరిహద్దులో ఉన్న ఒక ఎండ ఊరు. నాలుగు భాషలు చెవిన పడడం వారికి లోపం కాలేదు, సంపద అయింది.

తల్లిదండ్రులకూ, ఉపాధ్యాయులకూ కూడా ఈ చరిత్రలో చెప్పుకోదగిన మాట ఉన్నది. పిల్లలకు 'ధైర్యంగా ఉండు' అని బోధించడంవల్ల ధైర్యం రాదు. పండితుని కుమారుడైన రాఘవకు నాటకం రాసి, ఆడే మేనమామ కనిపించాడు. 18 ఏళ్ల సంబంధానికి వేషం కట్టిన న్యాయవాది కనిపించాడు. రాజమండ్రి విద్యార్థులకు పాకలో తమతో నిలిచిన గురువు కనిపించాడు. బడి వార్షికోత్సవంలో ఒక ఉపాధ్యాయుడు తాను రాసిన పద్యాన్ని తానే చదివితే, ఒక తల్లి తాను కట్టిన పాటను సిగ్గుపడక పాడితే, ఒక పూర్వ విద్యార్థి తన పుస్తకాన్ని తెచ్చి గ్రంథాలయపు బల్లపై ఉంచితే, ఆ ముందు వరుసలో కూర్చున్న ఏ బిడ్డ మనసులో ఏమి మొలకెత్తుతుందో ఎవరు చెప్పగలరు? 75 ఏళ్లుగా ఇటువంటి వేదికను నిలబెట్టుకొని వచ్చిన పెద్దలందరికీ నమస్సులు. ఆ వేదిక ఖాళీగా ఉండకుండా చూచుకోవడం ఇకమీద మన వంతు.